పెద్దమామకు ఒక ఫ్లెక్సీ

కొత్త కోడలు వీధి గుమ్మంలోంచి ఇంట్లోకి రావాలి. షాహనా సందులోంచి వచ్చింది. మనిషి పక్కకు తిరిగి నడిస్తే తప్ప పట్టని సందు అది. పెళ్లినాటి ఎర్ర దుపట్టా జరీ అంచు నీళ్ల గొట్టానికి పట్టుకుంటే, వెనక వస్తున్న ఆడవాళ్లంతా ఒకరినొకరు గుద్దుకుని ఆగిపోయారు. ఆడబిడ్డ జబీనా వంగి అంచు విడిపిస్తుంటే షాహనాకు నవ్వాగలేదు. పెళ్లికూతురు అట్లా ఇకిలించకూడదని వెనక నుంచి ఎవరో గొణిగారు. అయినా నవ్వింది. చేతిలో బీకాం పట్టా, చూసి మెచ్చి చేసుకున్న మొగుడు, ఇంటి వెనక నుంచి ఉప్పుప్పుగా సముద్రపు గాలి. సందయితే మాత్రం ఏం పోయింది అనుకుంది.

ఏం పోయిందో వారం తిరక్కుండానే తెలిసింది.

ఆ ఇంటికి వీధి గుమ్మం లేక కాదు. జువ్వలదిన్నె హార్బరుకు పోయే రోడ్డు మీదికి ఆకుపచ్చ రంగు వేసిన జంట తలుపులు ఉన్నాయి. లోపలివైపు యాసీన్ తాత చేయించిన ఇత్తడి గడియ ఉంది. ఆ తలుపుల వెనక ఉన్న ముందు గదే ఆ ఇంట్లో గది అనదగ్గ గది. కానీ అది భోగ్యంలో ఉంది. బోటు ఇంజన్లు బాగుచేసే శివ అందులో షాపు పెట్టుకున్నాడు. తలుపు తీస్తే డీజిలు వాసన, మూస్తే గ్రీజు వాసన. ఇత్తడి గడియకు ఫ్యాను బెల్టులు వేలాడుతుండేవి. ఇక ఇంటివాళ్లకు మిగిలింది నడిమి గది, వంటిల్లు, వెనక పంచ. నడిమి గదిలో అత్త బడేబీ, జబీనా పడుకుంటారు. కొత్త దంపతులకు వెనక పంచ దక్కింది.

యాసీన్ పడవలకూ చేపల లారీలకూ టార్పాలిన్లు కుట్టే మనిషి. పెళ్లికి ముందు తన చేత్తోనే పంచ చుట్టూ నీలం టార్పాలిన్ కుట్టి కట్టాడు. పొద్దున ఎండ దాని మీద పడితే పంచంతా సముద్రం అడుగున ఉన్నట్టు నీలంగా వెలిగిపోతుంది. మొదటిరోజు ఆ వెలుగు చూసి షాహనా చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. వంటింట్లోంచి అత్త, "ఏందమ్మా, బల్లి పడిందా?" అని అడిగింది.

అదీ సంగతి. టార్పాలిన్ ఎంత నీలంగా ఉన్నా దానికి గడియ ఉండదు. పంచలో దగ్గితే వంటింట్లో వినపడుతుంది, వంటింట్లో దగ్గితే పంచలో ఉలిక్కిపడాలి. మొగుణ్ని "నువ్వు" అని పిలవాలని షాహనాకు కాలేజీ రోజుల నుంచీ సరదా. అత్త చెవిన పడితే బాగుండదని పక్క మీద కూడా "మీరు" అనే అంటోంది. ఏ పెళ్లాం అయినా మొగుడి చెవిలో "మీరు కాస్త అటు జరగండి" అని గుసగుసలాడుతుందా? ఆమెకు ఒక తలుపు కావాలి. ఆ ఆకుపచ్చ తలుపు, ఆ ఇత్తడి గడియ కావాలి.

గది భోగ్యం పెట్టుకున్నది పరాయివాడయితే ఇంత కథ లేదు. పెట్టుకున్నది హనీఫా సాహెబు, చనిపోయిన మామగారికి స్వయానా అన్న. యాసీన్‌కు పెద్దబ్బ, షాహనాకు పెద్దమామ. రెండేళ్ల క్రితం హార్బరు పనులు ఊపందుకున్నప్పుడు యాసీన్ మందపు టార్పాలిన్లు కుట్టే పెద్ద మిషను కొనాలనుకున్నాడు. బ్యాంకులో అప్పు చేస్తానంటే పెద్దబ్బ గుండెలు బాదుకున్నాడు. "వడ్డీనా! మన వంశంలో వడ్డీనా! నేను చచ్చిపోయినానా?" అన్నాడు. చావలేదు. రెండు లక్షలిచ్చి ఐదేళ్ల గడువుకు ముందు గది భోగ్యం రాయించుకున్నాడు. భోగ్యంలో వడ్డీ మాట ఉండదు. అసలు తిరిగి ముట్టేదాకా గది అనుభవం డబ్బిచ్చినవాడిది, అంతే. మర్నాడే ఆయన ఆ గదిని శివకు అద్దెకిచ్చి నెలనెలా అనుభవించడం మొదలుపెట్టాడు. ఒకరోజు టీ కాగేలోపు షాహనా ఆ అద్దెను వేళ్ల మీద లెక్కేసి చూసింది. ఏ బ్యాంకు మేనేజరు విన్నా సిగ్గుతో తల వంచుకునే లెక్క అది.

హనీఫా సాహెబు వీధిలోకి వస్తుంటే ముందు అత్తరు వచ్చేది, తరువాత గడ్డం వచ్చేది, మనిషి ఆ తరువాత వచ్చేవాడు. జనం లేచి నిలబడేవాళ్లు. పెళ్లింట్లోనైనా చావింట్లోనైనా ఆయన ఒక మాట చెప్పనిదే చెయ్యి కడుక్కునేవాడు కాదు.

"నా తమ్ముడి బిడ్డకు రెండు లక్షలిచ్చినా. పైసా వడ్డీ ముట్టలా. ఆ గది మీద నాకు ఆశా? అల్లా చూస్తుండాడు. రేపు తెచ్చిస్తే రేపే ఇచ్చేస్తా."

షాహనా పెళ్లి విందులోనూ అదే చెప్పాడు, బిర్యానీలోని ఎముక చప్పరిస్తూ. పక్కనున్నవాళ్లు "ఈ కాలంలో ఎవరుంటారు సాహెబ్ ఇట్టాంటోళ్లు" అన్నారు. ఆయన వినయంగా కళ్లు మూసుకున్నాడు. ఎముక మాత్రం వదల్లేదు.

పెళ్లయిన రెండో నెలలో షాహనాకు హార్బరు దగ్గర నరేంద్రబాబు ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే ఉద్యోగం దొరికింది. నరేంద్రబాబు ఆమెను రెండే ప్రశ్నలడిగాడు.

"కంప్యూటర్లో లెక్కలు రాయను వచ్చునా?"

"వచ్చు సార్."

"ఐసు కరిగిపోతే ఏమని రాస్తావమ్మా?"

"తరుగు అని రాస్తా సార్."

"ఇంతకు ముందున్నాయన నీళ్లు అని రాసినాడు. రేపట్నించి రా తల్లీ."

ఆ ఉద్యోగంలో షాహనాకు నచ్చనిది లేదు. మెడలో వేసుకునే గుర్తింపు కార్డు నచ్చింది. అందులో ఫొటో దొంగపిల్లిలా పడినా నచ్చింది. పలకల్లాంటి ఐసు దిమ్మెలు జారుడు బల్ల మీద సర్రున జారి వచ్చే చప్పుడు నచ్చింది. సాయంత్రం స్టీలు క్యారియరు అడుగు గిన్నెలో ఒక ఐసు ముక్క పెట్టుకుని, అది కరిగేలోపు ఇంటికి చేరాలని ఆటోవాణ్ని తొందరపెట్టడం మరీ నచ్చింది. దానితో నన్నారి షర్బతు కలిపి ఇస్తే బడేబీ గుటక వేసి, "మేయ్, ఈ ఉద్యోగం మానొద్దు" అంది.

పెద్దమామకు మాత్రం నచ్చలేదు. యాసీన్ మిషను దగ్గర పెద్ద పెద్ద కుట్లు వేస్తుంటే సందు మొదట్లో నిలబడి అరిచాడు.

"ఏందిరా యాసీనూ, పెళ్లాన్ని ఐసు అమ్ముకునేదానికి పంపిస్తుండావంట? రేపు చేపల గంప కూడా నెత్తికెత్తుతావా?"

యాసీన్ మంచివాడు. మంచివాడన్న మాటకు ఆ ఇంట్లో అర్థం, పెద్దబ్బ మాట్లాడుతుంటే సూదిలో దారం ఎక్కించుకునేవాడని. టార్పాలిన్ వెనక నుంచి షాహనాయే చెప్పింది.

"ఐసు లేకపోతే మీ ఇంటికొచ్చే వంజరం చేప కంపు కొడుద్ది పెద్దమామా."

ఆయన గొంతు సవరించుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం జబీనా వదినకు రెండో గ్లాసు షర్బతు తనే కలిపి ఇచ్చింది.

ఉద్యోగం రావడంతో ఇంకో పని జరిగింది. బడేబీ వీధి ఆడవాళ్లతో చీటీ నడుపుతుంది. నెలనెలా జీతమొచ్చే మనిషి ఇంట్లో ఉందంటే ముందే పాట పాడి ఎత్తుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. షాహనా జీతం పూచీ మీద చీటీ ఎత్తారు. మిషను పుణ్యమా అని యాసీన్ దాచింది కలిపారు. రెండు లక్షలయ్యాయి. గడువుకు ఇంకా మూడేళ్లుంది. షాహనాకు మూడు రోజులు ఆగే ఓపిక కూడా లేదు. అసలైన రోజు వచ్చిందని ఆకుపచ్చ చుడీదారు వేసుకుంది. ఆ తలుపు రంగే.

మొగుడూ పెళ్లాలు డబ్బును పెళ్లిచీర కొన్న షాపు కవర్లో పెట్టుకుని పెద్దమామ ఇంటికెళ్లారు. ఆయన వసారాలో కుర్చీలో కూర్చుని తస్బీ పూసలు తిప్పుతున్నాడు. ఎదుట బల్ల మీద వీధి మగవాళ్లు నలుగురు కూర్చున్నారు.

"ఏందిది?"

"మీ రెండు లక్షలు పెద్దబ్బా. గది విడిపించుకుందామని..."

ఆయన కవరు వైపు చచ్చిన ఎలకను చూసినట్టు చూశాడు.

"గడువు ఐదేండ్లు గదరా."

"ముందే తీర్చేస్తే మీకూ మంచిదే గదా అని."

"నా మంచి నాకు తెలుసులే. యాడ తెచ్చినారు ఇంత డబ్బు?"

"చీటీ ఎత్తినాం."

"తౌబా, తౌబా!" పూసలు ఆగిపోయాయి. "పాట పాడి ఎత్తినారా? ఆ పాటలో తగ్గించుకున్నదాన్ని ఏమంటారు? వడ్డీ! వడ్డీ అంటుకున్న డబ్బు తెచ్చి నా చేత ముట్టిస్తారా? నా నమాజు ఏం కావాల?"

షాహనా తల వంచుకునే అడిగింది. "మరి శివన్న నెలనెలా ఇచ్చే అద్దె పెద్దమామా?"

"అది అనుభవం."

"మీరే గదా అందరిలో అంటుండారు, రేపు తెచ్చిస్తే రేపే ఇచ్చేస్తానని."

"అంటాం. మనిషన్నాక మంచి మాటలు వంద అంటాం. అయినా మీ అత్త నోరెత్తి అడగలా, నిన్నగాక మొన్నొచ్చినదానివి, నీకెందుకమ్మా అంత తొందర?"

"మేం వెనక పంచలో పడుకుంటుండాం పెద్దమామా."

ఆయన యాసీన్ వైపు చూసి, తరువాత బల్ల మీది మగవాళ్ల వైపు చూసి, పొట్ట కదిలేలా నవ్వాడు.

"పంచలో అయితే కాపురం సాగదంటనా? నా పెండ్లయినప్పుడు మేం గడ్డివామి పక్కన పడుకున్నాం. ఆరుగురు పుట్టినారు!"

బల్ల కిర్రుమంది. నలుగురూ నవ్వారు. యాసీన్ కవరు తీసి చంకలో పెట్టుకున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. పెళ్లాన్ని గురించి మగవాళ్లు అట్లా నవ్వుతుంటే ఏం చెయ్యాలో తెలియక, చెప్పులు తొడుక్కునే పనిలో పడి, ఎడమది కుడికాలికి తొడుక్కున్నాడు.

దారిలో, "పోనీలే షాహనా. మూడేండ్లే గదా" అన్నాడు.

ఆ వసారా మెట్లు ఎక్కేటప్పుడు షాహనాకు పెద్దమామ అంటే కొంచెం భయం ఉండేది. దిగేటప్పుడు వెతికితే అది కనపడలేదు. దాని స్థానంలో ఏవగింపు కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఇంతా చేస్తే ఈయన ఎంత? అత్తరు పోస్తే గాని వాసన దాగని మనిషి. దేవుణ్ని కాపలా పెట్టుకుని అద్దె వసూలు చేసుకునే మనిషి. పొగడ్త ఎంత పోసినా కింది నుంచి కారిపోయే చిల్లికుండ. ఆ ఆఖరి మాట దగ్గర ఆమె ఆలోచన ఆగింది. చిల్లికుండకు ఎప్పుడూ దాహమే గదా.

మర్నాడు ఉద్యోగానికి పోతూ ముందు గది దగ్గర ఆగింది.

"శివన్నా, హార్బరు గేటు పక్కనే షెడ్డు దొరికితే పోతావా?"

శివ ఇంజను కింద నుంచి తల బయటపెట్టాడు. "ఎగిరి గంతేస్తానక్కా. ఒక్కో ఇంజన్ని ఇక్కడిదాకా ఆటోలో మోసుకొచ్చేదానికే సగం కూలి పోతుండాది. పైగా మీ పెద్దాయన అద్దె పెంచిన ప్రతిసారీ వడ్డీ పాపమని నాకు గంట నీతులు చెప్తాడు. నేనేమన్నా వడ్డీకిస్తుండానా?"

ఐసు ఫ్యాక్టరీ ఆవరణలో ఖాళీ షెడ్డు ఒకటి పడి ఉంది. షాహనా అడిగితే నరేంద్రబాబు వెంటనే ఒప్పుకున్నాడు. "ఇంజన్లు బాగయితే పడవలు పోతాయి, పడవలు పోతే ఐసు పోద్ది. రమ్మనమ్మా" అన్నాడు.

ఇక మిగిలింది పెద్దమామ. ఆయన సంగతి హార్బరు రోడ్డు మలుపు తేల్చింది. ఆ మలుపులో ఫ్లెక్సీ లేని రోజు ఉండదు. పిల్లవాడు పదో తరగతి పాసయితే ఫ్లెక్సీ, లీడరు పుట్టినరోజుకు ఫ్లెక్సీ, ముసలాయన పోతే కన్నీటి చుక్కలతో ఫ్లెక్సీ. సాయంత్రం ఆటోలో క్యారియరు ఒళ్లో పెట్టుకుని వస్తూ షాహనా ఆ మలుపు చూసి గట్టిగా నవ్వింది. ఆటోవాడు అద్దంలోంచి భయంగా చూశాడు.

ఆదివారం కావలి వెళ్లింది. ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ ముందు టైటస్ అనే కుర్రాడు కూర్చున్నాడు.

"వెనకాల సింహం పెట్టేదా మేడం?"

"వద్దు."

"గద్ద? మంటలు?"

"మినారు పెట్టు. రెండు పావురాలు పెట్టు."

జబీనా ఫోన్లో పెళ్లినాటి ఫొటో ఒకటి దొరికింది. అందులో పెద్దమామ కళ్లు సగం మూసుకుని మహాత్ముడిలాగే ఉన్నాడు. టైటస్ ముక్కు చిట్లించాడు.

"చేతిలో ఎముకుంది మేడం."

"తీసెయ్యి."

"తీసేస్తే చెయ్యి ఊరికే గాల్లో ఉంటాది. గులాబీ పెడతా, సరేనా?"

షాహనా నవ్వు ఆపుకోలేక దుపట్టా నోట్లో కుక్కుకుంది. "పెట్టు తమ్ముడూ. పెద్ద గులాబీ పెట్టు."

రాసిన మాటల్లో ఆమె సొంతమంటూ ఏమీ లేదు. అన్నీ పెద్దమామవే. "పైసా వడ్డీ ముట్టని పుణ్యాత్ముడు! 'రేపు తెచ్చిస్తే రేపే ఇచ్చేస్తా' అన్న మాట నిలబెట్టుకుని, గడువుకు మూడేళ్ల ముందే తమ్ముడి బిడ్డకు భోగ్యం గది తిరిగి ఇస్తున్న జనాబ్ హనీఫా సాహెబ్ గారికి హృదయపూర్వక కృతజ్ఞతలు. శుక్రవారం నమాజు తరువాత గది అప్పగింత. అందరూ ఆహ్వానితులే. షర్బతు ఏర్పాటు కలదు."

ఆ రాత్రి అన్నాలయ్యాక పంచలో యాసీన్‌కు ఫోన్లో నమూనా చూపించింది. అతను చదివి, మళ్లీ చదివి, గులాబీని వేళ్లతో పెద్దది చేసి చూసి, గుసగుసగా అన్నాడు.

"పెద్దబ్బ చంపేస్తాడు."

"ఎందుకు చంపుతాడు? ఆయన మాటలే గదా. నేనొక్క ముక్క కలపలా."

"ఒకవేళ అందరి ముందరా ఇవ్వనంటే? చీటీ కట్టాల్సిందే, గదీ రాదు, నలుగురిలో పరువూ పోద్ది."

షాహనా ఫోను బోర్లించి పక్క మీద పెట్టింది. నిజమే, ఇవ్వనంటే? అప్పుడు టార్పాలిన్ అవతల, నడిమి గదిలోంచి అత్త గొంతు వినపడింది. నిద్రలో ఉన్న మనిషి గొంతు కాదు.

"మేయ్, షాహనా. పైన మీ మామ ఫొటో కూడా ఒకటి ఎయ్యమను, చిన్నది. తమ్ముడి ముందర నిలబడి ఎట్టా అబద్ధమాడతాడో నేనూ చూస్తా."

పక్కనే జబీనా కిసుక్కున నవ్వింది. యాసీన్ దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. ఆ ఇంట్లో రహస్యం దాగదని షాహనాకు మొదటిసారి సంతోషం కలిగింది.

గురువారం సాయంత్రం యాసీనే ఆ ఫ్లెక్సీ కట్టాడు. ఏం చేసినా గట్టిగా చేసే మనిషి గనక అంచులు మడిచి కుట్టి, పడవ తాళ్లతో ముడులేశాడు. సముద్రపు గాలి ఎంత కొట్టినా ఆ ఫ్లెక్సీ రెపరెపలాడలేదు.

శుక్రవారం పొద్దున్నే ఊరు లేచేసరికి మలుపులో గులాబీ పట్టుకున్న హనీఫా సాహెబు లేచి ఉన్నాడు. పైన మూలలో తమ్ముడు చిన్న గుండ్రటి ఫొటోలోంచి అన్న వైపే చూస్తున్నాడు. టీ అంగడి దగ్గర జనం గట్టిగా చదువుకున్నారు. చదువురానివాళ్లకు చదివి వినిపించారు. మసీదు కమిటీ సెక్రటరీ అజారుద్దీన్ పెద్దమామకు ఫోను చేసి, ఈరోజు నమాజు తరువాత మీ గురించి నాలుగు మాటలు చెప్తానన్నాడు.

షాహనా పూట సెలవు అడిగి మధ్యాహ్నం ఆటోలో బయలుదేరింది. కొత్త ఉద్యోగంలో మొదటి నెలలోనే సెలవేంటని నరేంద్రబాబు విసుక్కుంటూనే షర్బతుకని రెండు ఐసు దిమ్మెలు ఊరికే ఇప్పించాడు. మలుపు దగ్గరికొచ్చేసరికి ఆమె ఆటోలోంచి తల బయటపెట్టి చూసింది. ఫ్లెక్సీ కింద పెద్దమామ ఒంటరిగా నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ వెనక కట్టుకుని తన బొమ్మ వైపే చూస్తున్నాడు. చించుతాడు, ఇప్పుడు చించుతాడు అనుకుని ఆమె ఆటో ఆపించింది.

ఆయన అటూ ఇటూ చూశాడు. టోపీ సర్దుకున్నాడు. గడ్డం దువ్వుకున్నాడు. జేబులోంచి ఫోను తీసి, అటుగా పోతున్న చేపల ఆవిడ అంకాలమ్మను ఆపాడు. తన బొమ్మ కింద తను నిలబడి, బొమ్మలో ఉన్నట్టే కళ్లు సగం మూసుకున్నాడు. గంప దించుకున్న అంకాలమ్మ, "కదలమాక సాయిబూ, రెండు మొకాలూ పడాల" అంటూ ఫొటో తీసింది.

ఆటోలో షాహనా వెనక్కి వాలింది. గెలిచానన్న సంతోషం కన్నా ముందు ఛీ అనిపించింది. ఇంత చవకా! ఈ మనిషి కోసమా అత్త రెండేళ్లు నోరు మూసుకుంది? ఈ మనిషి నవ్వితేనా యాసీన్ చెప్పులు తారుమారు చేసుకున్నాడు? ఫ్లెక్సీ ఖర్చు గుర్తొచ్చి, అందులో సగం సైజు చేయించినా సరిపోయేది గదా అనుకుంది.

నమాజు తరువాత జనం తరలివచ్చారు. శివ అప్పటికే సామాను షెడ్డుకు చేర్చేసి, గడియ మీది ఫ్యాను బెల్టులు కూడా తీసేశాడు. పెద్దమామ ఖాళీ గది చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. అంతలో ఎవరో ఆయన చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నారు. తడబాటు కరిగిపోయింది. తరుగు, అనుకుంది షాహనా.

యాసీన్ కవరు అందించాడు. మొన్న ఎలకగా కనపడిన కవరును పెద్దమామ రెండు చేతులా అందుకున్నాడు. వేలు నాలుకకు అద్దుకుని లెక్కపెట్టాడు. సరిపోయిందని యాసీన్ అంటుంటే, "ఉండరా" అని మళ్లీ అద్దుకుని మళ్లీ లెక్కపెట్టాడు. షర్బతు గ్లాసు అందిస్తూ షాహనా మెల్లగా అడిగింది.

"చీటీ డబ్బే పెద్దమామా. పరవాలేదా?"

"ఆఁ, ఆఁ," అన్నాడాయన, పెదవులు కదుపుతూ. "మాట్లాడించమాక తల్లీ, లెక్క పోద్ది."

భోగ్యం కాగితం మీద ముట్టిందని రాసి సంతకం పెట్టాడు. తరువాత గొంతు సవరించుకుని, నలుగురిలో, తనకసలు గది మీద ఎన్నడూ ఆశ లేదని చెప్పాడు. బడేబీ ముసుగు కాస్త వెనక్కి జరుపుకుని, "అవును బావా. ఆశుంటే అద్దెకిస్తారా?" అంది. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, పొగడ్తే అనుకుని. పోతూ పోతూ యాసీన్‌ను పక్కకు పిలిచాడు.

"ఫొటోలో టోపీ పక్కకు పోయిందిరా. గులాబీ మాత్రం బాగుండాది. ఒక నెల అట్టనే ఉండనియ్యండి, ఇప్పమాకండి."

జనం పోయాక షాహనా నడిమి గదిలోంచి ముందు గదిలోకి అడుగు పెట్టబోతే బడేబీ రెక్క పట్టుకుని ఆపింది.

"మేయ్, యాడికి? సందులోంచి రోడ్డు మీదికి పోయి వీధి తలుపులోంచి రా. కుడికాలు పెట్టు."

షాహనా పరుగెత్తింది. సందులో నీళ్ల గొట్టం ఈసారి కూడా దుపట్టా పట్టుకుంది. లాక్కుని పోయింది. ఆకుపచ్చ తలుపులు రెండూ బార్లా తీసి యాసీన్ గడప అవతల నిలబడి ఉన్నాడు. గ్రీజు మరకల నేల మీద కుడికాలు పెట్టేసరికి చెప్పు సర్రున జారింది. అతను పట్టుకున్నాడు. అత్త ముఖం అటు తిప్పుకుంది, ఆ ఒక్కసారికి.

రంపపు పొట్టు చల్లి, సోడా వేసి, వారంపాటు రుద్దితే ఆ నేల అడుగు నుంచి ఎర్ర రంగు బయటపడింది. ఇత్తడి గడియను షాహనా చింతపండుతో తోమింది. అద్దె తీసుకున్నాయన రెండేళ్లలో ఒక్కసారి కూడా పైకప్పు రేకుల వైపు చూడలేదన్న సంగతి మాత్రం తోమితే బయటపడేది కాదు. అల్పపీడనం పట్టిన ఆదివారం మధ్యాహ్నం అది తనంతట తనే బయటపడింది. కొత్త పరుపు మీద ఒక చుక్క పడింది. తరువాత ఇంకొకటి పడింది. ఆ తరువాత ధార.

యాసీన్ గొడుగు కూడా లేకుండా మలుపుకు పరుగెత్తి, తన ముడులు తనే విప్పుకుని, ఫ్లెక్సీ చుట్టుకుని వచ్చాడు. మిషను మీద టార్పాలిన్ ఉన్నా, ఆ ఫ్లెక్సీ కొలత ఈ గదికి సరిగ్గా సరిపోతుందని కట్టేరోజే కనిపెట్టాడట. ఆ మాట ఇన్నాళ్లూ చెప్పలేదు. నిచ్చెన మీద నుంచి అరిచాడు.

"బొమ్మ పైకా, కిందికా?"

"పైకే! ఆయన మొకం మన గదిలోకెందుకు?"

"తడుస్తాడే!"

"తడవనీ. గులాబీ ఉందిగా, బతికిపోద్ది!"

ఫ్లెక్సీ పరిచి, చుట్టూ రాళ్లు పెట్టాడు. ధార ఆగింది. అంతలో జబీనా ఫోను మోగింది. పెద్దమామ. మలుపులో తన బొమ్మ కనపడటం లేదని ఎవరో చెప్పారట.

"తీసేసినారా ఏంది?" అన్నాడు.

"లేదు పెద్దబ్బా, ఇంటి మీద పెట్టుకున్నారు," అంది జబీనా.

"ఇంటి మీదనా! అంత ఎత్తునా!" ఆయన గొంతు గద్గదమైంది. "సంతోషం తల్లీ."

యాసీన్ తల తుడుచుకుంటూ గదిలోకి వచ్చాడు. పైన వాన హనీఫా సాహెబు ముఖం మీద, గులాబీ మీద, పావురాల మీద దబదబా కొడుతోంది. షాహనా తలుపులు మూసి ఇత్తడి గడియ వేసింది. నునుపుగా, టక్కుమని పడింది. ఆ చప్పుడు బాగుందని తీసి మళ్లీ వేసింది.

"నువ్వు ఇట్రా" అంది, గొంతు ఏమాత్రం తగ్గించకుండా.